బీదరులో రెండు ఖజానాలు

బీదరు దానధర్మాల చరిత్ర అనగానే ఎవరి చూపైనా ముందు మహమూద్ గవాన్ మదరసా మీదికే పోతుంది. పోవడం న్యాయమే. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మనిషి మూడంతస్తుల విద్యాలయం కట్టించి, మూడు వేల గ్రంథాలు సమకూర్చి, పాఠం చెప్పేవాళ్లకూ చదువుకునేవాళ్లకూ తిండీ వసతీ ఉచితంగా ఏర్పాటు చేశాడు. ముందు వైపున్న రెండు మీనార్లలో ఇప్పుడు ఒకటే నిలిచి ఉంది. దాని ఒంటినిండా రంగు పలకలు మెలికల చారలుగా పైదాకా సాగుతాయి, కొన్నిచోట్ల రాలిపోయి లోపలి కట్టడం బయటపడింది. ఈ కట్టడం వెలిసిన ఏడాదిని ఆనాటి కవి ఒక ప్రార్థనలో దాచాడు. కాబా గోడలు లేపుతూ ఇబ్రహీం ప్రవక్త తన శ్రమను అంగీకరించమని వేడుకున్న మాటలవి. ఆ అక్షరాల విలువలు కూడితే హిజ్రీ 876 వస్తుంది, అంటే 1471-72. అంత కట్టించినవాడి పేరు మీద కూడా, ఇది దేవుడి దగ్గర చెల్లాలి అన్న వేడుకోలే మిగిలింది. ఆ వినయం నన్ను కదిలిస్తుంది. అయినా నేను చెప్పదలచింది వేరు. బీదరు ముస్లిముల్లో దానమనే అలవాటును ఆరు శతాబ్దాలు నిలిపింది ఈ కట్టడాలు కావు. రంజాన్ నెలలో మామూలు ఇంటి యజమాని తన ఆస్తికి వేసుకునే లెక్కే దాన్ని నిలిపింది.

దీనికి మొదటి సాక్ష్యం గవాన్ కథలోనే ఉంది. శత్రువులు ఆయన ముద్ర వేయించిన దొంగ ఉత్తరం చూపించగా, సుల్తాను మూడో మహమ్మద్ షా 1481లో మన కొండపల్లి దగ్గర విడిది చేసినప్పుడు ఆయనకు మరణశిక్ష వేశాడు. ఇంత పెద్ద మంత్రి ఎంత కూడబెట్టాడో అని సుల్తాను కోశాధికారిని పిలిపించి అడిగాడట. ఖజానాలు రెండున్నాయని అతను జవాబిచ్చాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఒకటి రాజుది, సైన్యం ఖర్చులకు. రెండోది పేదలది, అందులో లారీ అనే వెండి నాణేలు 300 మాత్రమే ఉన్నాయి. జాగీరు రాబడిని ఆయన సొంతానికి వాడుకునేవాడు కాడు. మంత్రి తాను తినేదీ పేదలకు పెట్టేదీ వెంట తెచ్చుకున్న సొంత పెట్టుబడి మీద వర్తకం చేసి సంపాదించిన లాభంలోంచి. శుక్రవారం రాత్రుళ్లు మారువేషంలో వీధుల్లో తిరిగి డబ్బు పంచేవాడనీ, ఇది సుల్తాను పంపినదని చెప్పేవాడనీ కూడా అదే చరిత్రలో ఉంది. ఫిరిష్తా ఇది రాసింది నూటపాతికేళ్ల తరువాత కదా, అన్యాయంగా చచ్చిపోయిన మంత్రిని మహాత్ముణ్ణి చేసి చూపించాడేమో అని అడగొచ్చు. అలాగే అనుకుందాం. అప్పుడు కూడా ఆ కథ ఒక విషయం రుజువు చేస్తుంది. దక్కనులో దాతను మెచ్చుకోవాలంటే జనం చూసింది భవనం ఎత్తును కాదు. ఎవరి సొమ్ములోంచి ఇచ్చాడు, తన సొమ్మునూ పరుల సొమ్మునూ వేరుగా ఉంచాడా, చాటుగా ఇచ్చాడా, ఇవీ చూశారు.

ఈ మూడు ప్రశ్నలూ ఇస్లాం ధర్మశాస్త్రంలో జకాత్, అంటే ఆస్తి మీద తప్పనిసరిగా ఇవ్వవలసిన దానం, అడిగే ప్రశ్నలకు దగ్గరగా ఉంటాయి. దక్కనులో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో జకాత్ సొమ్ముతో మసీదు కట్టకూడదు, మదరసా గోడ లేపకూడదు, బావి తవ్వించకూడదు. అర్హుడైన మనిషి చేతికి అది అతని సొత్తుగా అందాలి. గోడలకూ బావులకూ వక్ఫ్ అనే శాశ్వత ధర్మనిధి ఉంది, సదఖా అనే స్వచ్ఛంద దానం ఉంది. అంటే ఈ ఊళ్లో దానం మొదటినుంచీ రెండు కాలువలుగా పారింది. ఒకటి రాయిగా మారేది, రెండోది చేతి నుంచి చేతికి పోయేది. ఈ రెండోదానికి లెక్క తప్పనిసరి. అప్పులు తీసేశాక 87.48 గ్రాముల బంగారం గానీ 612.36 గ్రాముల వెండి గానీ, లేదా అంత విలువ గానీ చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటే నూటికి రెండున్నర వంతు ఇవ్వాలి. బీదరులో బిద్రీ పనివాడి దుకాణమే తీసుకోండి. అతని ఉలికీ సుత్తికీ జకాత్ లేదు, ఉండే ఇంటికీ లేదు. అమ్మకానికి చేసిపెట్టిన పాన్‌దాన్‌లకూ కూజాలకూ ఉంది, వాటిలో పొదగడానికి కొని ఉంచిన వెండి తీగకూ ఉంది. ఆ తీగను తూచాలి. రావలసిన బాకీ రాయాలి, ఇవ్వవలసిన బాకీ అంతకన్నా నిజాయితీగా రాయాలి. రంజాన్‌లో ఆత్మపరిశీలన అంటే ఖురాన్ పారాయణం, రాత్రి తరావీ నమాజు, చివరి పది రోజులు మసీదులోనే ఉండిపోయే ఏతేకాఫ్, షబే ఖద్ర్ రాత్రి జాగరణ అని చెబుతారు. అవన్నీ నిజమే. కానీ నా దృష్టిలో వాటన్నిటికన్నా తప్పించుకోవడానికి వీల్లేని ఆత్మపరిశీలన ఈ తూకం. ఆకలి పగలంతా గుర్తుచేసిన దాన్ని సాయంత్రం చిట్టా పుస్తకం అంకెల్లో చూపిస్తుంది.

జకాత్‌కు రంజాన్‌తో సంబంధమే లేదు కదా అని శాస్త్రం తెలిసినవాళ్లు అడ్డుపడతారు. వాళ్లు చెప్పేది సరైనదే. ఆస్తి మీద ఏడాది నిండిన రోజే జకాత్ గడువు, అది ఏ నెలైనా కావచ్చు. ఈ నెలకు నేరుగా ముడిపడింది ఫిత్రా ఒక్కటే. ఇంటిపెద్ద తన తరఫునా, చంటిపిల్లలతో సహా పిల్లలందరి తరఫునా, తలకు ఇంత చొప్పున గోధుమలో వాటి ధరో ఇచ్చి, ఈద్ నమాజుకు ముందే పేదవాడికి అందేలా చూడాలి. అయినా జనం జకాత్‌ను కూడా రంజాన్‌కే తెచ్చుకున్నారు. పుణ్యం రెట్టింపన్న నమ్మకం ఒక కారణం. ఇంకో కారణం మరింత లౌకికమైనది. అందరికీ ఒకే గడువు ఉంటే ఎవరూ మరిచిపోరు, పుచ్చుకునేవాడికీ ఎప్పుడు అందుతుందో తెలుస్తుంది. శాస్త్రం విడిచిపెట్టిన చోటును ఆచారం నింపింది.

ఇంకా బరువైన ఆక్షేపణ ఒకటుంది. చిల్లర దానాలు పేదరికాన్ని తీర్చవు, మసీదు గుమ్మం ముందు చేతులు చాచేవాళ్లను పెంచుతాయి, వక్ఫ్ లాంటి శాశ్వత నిధే మేలు అని. వక్ఫ్ ఏమైందో బీదరు చరిత్రే చెబుతుంది. బహమనీలు పోయి బరీద్‌షాహీలు వచ్చారు, 1619లో బీజాపూరు పట్టుకుంది, 1657లో ఔరంగజేబు, 1724 తరువాత నిజాములు. మదరసా మొగలుల కాలంలో సైనికుల బసగా, మందుగుండు కొట్టుగా మారి, 17వ శతాబ్దం చివర పేలుడుకు సగం కూలింది. 1948లో హైదరాబాదు మీద పోలీసు చర్య తరువాత హింస మరీ ఎక్కువగా జరిగిన నాలుగు జిల్లాల్లో బీదరును భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ చేర్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1955లో హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం వచ్చింది, 1956లో జిల్లాయే చీలి జహీరాబాదు, నారాయణఖేడు మన మెదక్‌లోకి, బీదరు మైసూరులోకి పోయాయి. ఇన్ని మార్పుల నడుమ శాశ్వత నిధి నిలకడగా ఉండటం కష్టం. తలకింత ఫిత్రాను మాత్రం ఏ ఫర్మానా రద్దు చేయలేకపోయింది, ఎందుకంటే ఏ ఫర్మానా దాన్ని పుట్టించలేదు. నిరుడు ఇచ్చిన ఇల్లు ఈ ఏడు పుచ్చుకునే ఇల్లయితే దానికీ ఆ నియమంలోనే చోటుంది. అప్పుల్లో మునిగినవాణ్ణి ఖురాన్ జకాత్‌కు అర్హుల్లో పేరుపెట్టి చేర్చింది. చేతులు చాచడం గురించి అన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. వరుసలో నిలబెట్టి, ఫొటో తీసి, చీరలు పంచే దానం ఈ సంప్రదాయానికే విరుద్ధం. ముందు దగ్గరి బంధువుల్లో అవసరమున్నవాళ్లను చూడమనీ, ఇది జకాత్ అని చెప్పకుండానే ఇవ్వవచ్చుననీ శాస్త్రం చెప్పింది ఆ సిగ్గును తప్పించడానికే.

ఇది ముస్లిముల లోపలి వ్యవహారమేగా అనేవాళ్లకు ఊరి బయట అష్టూరు జవాబు. కరువు రోజుల్లో గుట్టెక్కి ప్రార్థిస్తే వాన పడిందని జనం వలీ అని పిలుచుకున్న బహమనీ సుల్తాను అహ్మద్ షా సమాధి అక్కడ ఉంది. ఆయన ఉరుసు హోళీ తరువాత హిందూ చాంద్రమానం ప్రకారం వస్తుంది, దాన్ని లింగాయతు జంగమయ్య నడిపిస్తాడు. జకాత్ ముస్లిం పేదలకే అన్న నియమం ఉన్నా, సదఖాకు ఆ హద్దు లేదు, ఫిత్రాను ముస్లిమేతర పేదకు ఇవ్వవచ్చునని కొందరు హనఫీ పండితులు ఒప్పుకున్నారు.

బీదరు రాతి మీది శాసనాలను పురావస్తు పరిశోధకుడు గులాం యజ్దానీ 1947లోనే పుస్తకానికెక్కించాడు. చేతిరాత లెక్కలకు అలాంటి పుస్తకం కావాలి. బీదరులోనూ జహీరాబాదులోనూ మసీదు కమిటీల దగ్గర పాత ఫిత్రా రిజిస్టర్లు ఉంటే, పుచ్చుకున్నవాళ్ల పేర్లు బయటపెట్టకుండా వాటిని భద్రపరచండి, చెదలకు వదలకండి.