సినిమాలో ఆ రేడియో మోసింది ఎవరో చూశారా?



పాత హామ్ రేడియో సెట్లు ఏ సినిమాలో, ఏ వీడియో గేమ్‌లో కనిపించాయో వెతికి పట్టుకునేవాళ్లు ఉన్నారు. హామ్‌లంటే లైసెన్స్ తీసుకుని, సొంత వైర్‌లెస్ సెట్‌తో దూరంవాళ్లతో మాట్లాడే ఔత్సాహికులు. యుద్ధం సినిమాలో వీళ్ల చూపు హీరో మీద ఉండదు, రేడియో మీద ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం దగ్గర మిగిలిపోయిన సెట్లను చవగ్గా అమ్మేస్తే, చాలామంది హామ్‌లు కొనుక్కుని వాడుకున్నారు. అందుకే వాటిని చూడగానే గుర్తుపడతారు.

నేనూ అలాగే రేడియో మీద కన్నేసి ‘విండ్‌టాకర్స్’ చూశాను. 2002లో వచ్చింది, దర్శకుడు జాన్ వూ. 1944 నాటి సైపాన్ దీవి యుద్ధం కథ. అందులో రేడియో పని చేసేది నవాహో ఆదివాసీ కుర్రాళ్లు. కానీ కథంతా నికొలస్ కేజ్ వేసిన తెల్ల సైనికుడి చుట్టూనే తిరుగుతుంది.

అసలు చరిత్ర చూద్దాం. 1942లో అమెరికా మెరైన్ దళం 29 మంది నవాహోలను తీసుకుని, వాళ్ల భాషలోనే ఒక రహస్య కోడ్ తయారు చేయించింది. ట్యాంకుకు తాబేలు, చేతిబాంబుకు బంగాళాదుంప, జలాంతర్గామికి ఇనుప చేప. యుద్ధం ముగిసేసరికి ఈ పనిలో సుమారు 400 మంది ఉన్నారు. వాళ్లు వాడిన సెట్లలో టీబీఎక్స్ ఒకటి. దానికి కరెంటు చేత్తో తిప్పే జనరేటర్ నుంచి రావాలి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు మాట్లాడాలి. తిప్పడం ఆగితే సందేశం వెళ్లదు. ఆ సెట్‌ను జపాన్‌వాళ్లు పట్టుకున్నా, విన్నా, ఆ కోడ్‌ను మాత్రం విప్పలేకపోయారు.

ఇప్పుడు అసలు విషయం. ఇదే నవాహో పిల్లలు బోర్డింగ్ బడుల్లో సొంత భాష మాట్లాడితే శిక్షపడేది. సబ్బుతో నోరు కడిగేవాళ్లని వాళ్లే తర్వాత చెప్పారు. యుద్ధం గెలిచి ఇంటికొచ్చినా అరిజోనా, న్యూ మెక్సికోల్లో 1948 దాకా రిజర్వేషన్‌లో ఉండేవాళ్లకు ఓటు లేదు. 1968 వరకు కోడ్ రహస్యం కాబట్టి తాము చేసిన పని కూడా బయట చెప్పుకోలేకపోయారు. మొదటి 29 మందికి బంగారు పతకం 2001లో ఇచ్చారు. అప్పటికి చాలామంది చనిపోయారు.

ఇంటర్ చదివేటప్పుడు అమ్మ ఫోన్ చేస్తే నేను రూమ్ బయటికెళ్లి, గొంతు తగ్గించి కోయలో మాట్లాడేవాణ్ణి. ఎవరైనా నవ్వుతారేమోనని. సైన్యానికి పనికొచ్చింది కాబట్టే నవాహో గొప్ప భాష అని నేననను. ఏ సైన్యం అడగకముందే అది వాళ్ల అమ్మల భాష. వాళ్లు బడిలో దెబ్బలు తిని కూడా దాన్ని మర్చిపోలేదు. నేనైతే ఎవరూ కొట్టకుండానే దాచుకున్నాను. ఇప్పుడు రూమ్‌లోనే కూర్చుని మాట్లాడుతున్నా.

అన్నలూ, అక్కలూ, ఈసారి యుద్ధం సినిమా చూస్తే రేడియో దగ్గర ఆగండి. దాని పక్కన ఎవరున్నారో చూసి ఇక్కడ రాయండి.

జై ఆదివాసీ.