పాత కంప్యూటర్ల దానం

పాత కంప్యూటర్ల దానం అనగా ఒక వ్యక్తి గాని, సంస్థ గాని తమకు అవసరం తీరిన కంప్యూటరును, దాని అనుబంధ పరికరాలను ప్రతిఫలం ఆశించకుండా పాఠశాలకో, గ్రంథాలయానికో, స్వచ్ఛంద సంస్థకో, పేద విద్యార్థికో ఇవ్వడం. దీనివలన రెండు ప్రయోజనాలున్నాయి. కొనే స్తోమత లేనివారికి కంప్యూటరు అందుబాటులోకి వస్తుంది. ఇంకా పనిచేయగల యంత్రం చెత్తగా మారకుండా కొన్నేళ్ళు ఆగుతుంది. అయితే ఇచ్చిన యంత్రం స్వీకర్త వద్ద పనిచేయకపోతే ఈ రెండు ప్రయోజనాలూ నెరవేరవు. అప్పుడు అది దానం కాక, నగరంలోని వ్యర్థాన్ని గ్రామానికి తరలించడమే అవుతుంది. ఈ వ్యాసంలో దానం చేసే పద్ధతి, దానికి వర్తించే చట్టాలు, ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి పట్టణాలలో గమనించవలసిన విషయాలు వివరించబడ్డాయి.

చరిత్ర

ప్రభుత్వ స్థాయిలో ఈ పనిని ఒక పథకంగా నిర్వహించిన తొలి దేశాలలో కెనడా ఒకటి. అక్కడ 1993లో ప్రారంభమైన "కంప్యూటర్స్ ఫర్ స్కూల్స్" కార్యక్రమంలో ప్రభుత్వ కార్యాలయాలు, ప్రైవేటు సంస్థలు వదిలించుకునే కంప్యూటర్లను బాగుచేసి పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇచ్చారు. 1999లో అమెరికాలో ఏర్పడిన వరల్డ్ కంప్యూటర్ ఎక్స్ఛేంజి వంటి సంస్థలు వాడిన కంప్యూటర్లను వర్ధమాన దేశాలకు పంపసాగాయి.

కొద్ది కాలంలోనే ఈ ఉద్యమపు చీకటి కోణం బయటపడింది. బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే సంస్థ 2005లో నైజీరియాలోని లాగోస్ రేవును పరిశీలించి ఒక నివేదిక వెలువరించింది. "పునర్వినియోగం" పేరుతో అక్కడ దిగుతున్న కంప్యూటర్లు, ఇతర పరికరాలలో 75 శాతం వరకు బాగుచేయడానికి గాని, అమ్మడానికి గాని పనికిరావని అక్కడి వ్యాపారుల సంఘం చెప్పినట్లు అందులో ఉంది. అవి చివరకు ఖాళీ స్థలాలలో కుప్పలుగా పడి తగలబడేవి. ప్రమాదకర వ్యర్థాల రవాణాను నియంత్రించే బాసెల్ ఒప్పందం 1989లో కుదిరి, 1992 నుండి అమలులో ఉంది. దీనికి చేసిన సవరణ ప్రకారం 2025 జనవరి 1 నుండి అన్ని రకాల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను మరొక దేశానికి పంపాలంటే ఆ దేశపు ముందస్తు అంగీకారం తప్పనిసరి.

ఆంధ్ర ప్రదేశ్‌లో

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2008లో సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టింది. ప్రైవేటు సంస్థలు కంప్యూటర్లను, బోధకులను సమకూర్చి, ఐదేళ్ళు నిర్వహించి, తరువాత పరికరాలను పాఠశాలలకు అప్పగించాలన్నది ఒప్పందం. గడువు తీరి బోధకులు వెళ్ళిపోయాక అనేక పాఠశాలలలో యంత్రాలు మూలనపడ్డాయి. ఇవి దానంగా వచ్చిన పాత యంత్రాలు కావు, కొత్తవే. బోధన, మరమ్మతు, విద్యుత్తు అనే మూడింటికీ ఏర్పాటు లేకపోతే కొత్త కంప్యూటరైనా నిలవదని ఈ అనుభవం తెలుపుతుంది. పాత కంప్యూటరు విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన "స్వేచ్ఛ" సంస్థ స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రచారం చేస్తూ, తెలుగులో పనిచేసే లినక్సు ఆపరేటింగు సిస్టమును రూపొందించింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులను పంపిణీ చేసింది. అయితే టైపింగు, పట్టికల తయారీ, ప్రోగ్రాములు రాయడం వంటివి నేర్వడానికి కీబోర్డు గల కంప్యూటరే అనువైనది.

దాతలను, పాఠశాలలను కలపడానికి కేంద్ర విద్యా శాఖ 2021 సెప్టెంబరు 7న "విద్యాంజలి 2.0" పోర్టలును ప్రారంభించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలు తమకు కావలసిన వస్తువులను ఇందులో నమోదు చేస్తాయి. దాతలు వాటిని చూసి తాము ఇవ్వగలిగినది తెలుపవచ్చు. అవసరాన్ని ముందుగా స్వీకర్తే చెప్పడం ఈ పద్ధతిలోని మేలు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతం

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. శిల్పకళకు పేరొందిన ఆళ్ళగడ్డ, జిల్లా కేంద్రమైన నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు నుండి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. దానం విషయంలో ఈ రెండు పట్టణాల స్థితి ఒకటి కాదు. నంద్యాలలో 1995లో స్థాపించబడిన రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగు కళాశాలతో సహా పలు విద్యాసంస్థలు, బ్యాంకులు, జిల్లా కార్యాలయాలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల ప్రయోగశాలను మార్చినప్పుడల్లా ఒకే రకపు కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఒకేసారి పాతబడతాయి. ఒకే రకపు యంత్రాలు దొరకడం స్వీకర్తకు మేలు. ఒకటి చెడినా దాని భాగాలు మిగతావాటికి పనికివస్తాయి. ఆళ్ళగడ్డలోను, దాని చుట్టుపక్కల గ్రామాలలోను ఉన్న ఉన్నత పాఠశాలలు, గ్రంథాలయాలు ప్రధానంగా స్వీకర్తల స్థానంలో ఉంటాయి.

ఈ ప్రాంతపు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం ఇక్కడ అరుదు కాదు. ప్రాసెసరుకు, దానిపైనుండే లోహపు పలకకు మధ్య పూసిన లేపనం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. ఫ్యానులో దుమ్ము చేరుతుంది. అందువలన చల్లని గదిలో పనిచేసిన యంత్రం రేకుల గదిలో తరచుగా ఆగిపోవచ్చు. ఇచ్చే ముందు దుమ్ము దులిపి, లేపనం కొత్తగా పూయడం స్వల్ప ఖర్చుతో అయ్యే పని. ఇక 2019 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు నంద్యాల పరిసరాలు ముంపునకు గురై, మహానంది ఆలయ ప్రాంగణంలోకి సైతం నీరు చేరింది. కంప్యూటరు పెట్టెను నేలమీద కాక బల్లపై ఉంచాలనడానికి ఇది తగిన కారణం.

దానానికి తగిన కంప్యూటరు

యంత్రం వయసు కంటే దాని సామర్థ్యం ముఖ్యం. దానం చేసే కంప్యూటరులో కనీసం ఈ క్రిందివి ఉండడం మంచిది.

* 64 బిట్ల ప్రాసెసరు. 32 బిట్ల యంత్రాలకు ప్రధాన ఆపరేటింగు సిస్టముల మద్దతు ఆగిపోతున్నది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరు లేదు.
* 4 గిగాబైట్ల ర్యామ్.
* వీలైతే తిరిగే హార్డు డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డి. పాత కంప్యూటరు వేగాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచే మార్పు ఇదే.
* ఎల్‌సిడి మానిటరు, కీబోర్డు, మౌసు, విద్యుత్తు తీగలు. ఇవి లేని పెట్టె స్వీకర్తకు కొత్త ఖర్చు తెచ్చిపెడుతుంది.

గాజు గొట్టపు మానిటర్లను దానంగా ఇవ్వరాదు. ఒక్కొక్క దాని గాజులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. పైగా అవి విద్యుత్తును ఎక్కువగా తీసుకుంటాయి.

ఆపరేటింగు సిస్టము, తెలుగు సాఫ్టువేరు

విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టిపిఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. కాబట్టి బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ఎన్నో ఒక్కసారిగా "పాతవి" అయ్యాయి. ఇటువంటి యంత్రాలపై లినక్సు స్థాపించి వాడుకోవచ్చు. దీనికి లైసెన్సు రుసుము లేదు. కార్యాలయ పనులకు లిబ్రెఆఫీస్, చిన్న పిల్లలకు జికాంప్రిస్, బొమ్మలు గీయడానికి టక్స్ పెయింట్ ఉచితంగా లభిస్తాయి. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ అమరిక లినక్సులోనే ఉంటుంది.

ఇంటర్నెట్ లేని పాఠశాలలో సైతం కంప్యూటరు నిరుపయోగం కాదు. 2007లో మొదలైన కివిక్స్ సాఫ్టువేరు ద్వారా తెలుగు వికీపీడియాను మొత్తంగా దించుకొని, నెట్ లేకుండానే చదువుకోవచ్చు. దాత ఈ పని తానే చేసి ఇస్తే స్వీకర్తకు తొలిరోజు నుండే ఉపయోగం ఉంటుంది.

విండోస్‌తో ఇచ్చేటప్పుడు లైసెన్సును గమనించాలి. కంప్యూటరుతో పాటు వచ్చిన లైసెన్సు సాధారణంగా ఆ యంత్రంతోనే పోతుంది. సంస్థ టోకుగా కొన్న లైసెన్సు అలా బదిలీ కాదు.

సమాచారం చెరిపివేత

ఫైలును తొలగించినంత మాత్రాన అందలి సమాచారం పోదు. ఫైలు ఎక్కడున్నదో తెలిపే పట్టిక మాత్రమే మారుతుంది. డిస్కును ఫార్మాట్ చేసినా పలుమార్లు ఇదే జరుగుతుంది. అమెరికాలో సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే పరిశోధకులు పాత హార్డు డిస్కులు 158 కొని పరిశీలించి, తమ ఫలితాలను 2003లో ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కులలో 12 మాత్రమే సరిగా చెరిపివేయబడి ఉన్నాయి.

తిరిగే హార్డు డిస్కులోని ప్రతి భాగంపై సున్నాలు రాయడం ద్వారా సమాచారాన్ని నమ్మకంగా చెరపవచ్చు. ఎన్‌వైప్ వంటి ఉచిత సాఫ్టువేరు ఈ పని చేస్తుంది. ఎస్ఎస్‌డికి ఈ పద్ధతి చాలదు. దాని తయారీదారు ఇచ్చిన భద్రమైన చెరిపివేత ఆదేశాన్ని వాడాలి. చెడిపోయి తెరుచుకోని డిస్కును బయటకు తీసి, రంధ్రాలు చేసి పాడుచేయాలి. ఖాతాదారుల, విద్యార్థుల వివరాలున్న సంస్థలకు ఇది బాధ్యత కూడా. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడవలసిన విధిని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వాటిపై ఉంచింది.

చట్టాలు, పన్నులు

భారతదేశంలో ఇ-వ్యర్థాలపై ప్రత్యేక నియమాలు మొదట 2011లో రూపొంది 2012 మే 1 నుండి అమలయ్యాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం 1,000 పరికరాలు వాడే సంస్థ "భారీ వినియోగదారు". అది తన ఇ-వ్యర్థాలను నమోదిత ఉత్పత్తిదారుకు, పునరుద్ధరణ సంస్థకు లేదా రీసైక్లింగు సంస్థకు మాత్రమే ఇవ్వాలి. ప్రభుత్వ కార్యాలయాలు తమ ఆస్తిని సొంతంగా దానం చేయలేవు. నిరుపయోగమని నిర్ణయించి, నిర్దేశించిన పద్ధతిలోనే తొలగించాలి.

ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటరుపై తరుగుదల ఏటా 40 శాతం. అంటే రు. 50,000కు కొన్న యంత్రం విలువ ఐదేళ్ళ తరువాత లెక్కలలో రు. 3,888 మాత్రమే. కొత్తదాని ధరను చూపి దానాన్ని గొప్పగా చెప్పుకోవడం సరికాదనడానికి ఇదొక కొలమానం. 80జి పేరుతో ప్రసిద్ధమైన పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, వస్తువులకు వర్తించదు. అలాగే 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యతకు చేయవలసిన ఖర్చులో పాత వస్తువుల విలువను చూపరాదు.

విదేశాల నుండి

ప్రవాసాంధ్రులు సొంత ఊరి బడికి కంప్యూటర్లు పంపాలనుకోవడం సహజం. కాని వాడిన కంప్యూటర్ల దిగుమతిపై భారత విదేశీ వాణిజ్య విధానం ఆంక్షలు విధించింది. దానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఓడ కిరాయి, సుంకాలు, ఇక్కడ దొరకని విడిభాగాలు కలిపి చూస్తే, అదే సొమ్ముతో స్థానికంగా కొనడం మేలు. 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడు స్వదేశానికి వచ్చేటప్పుడు తన వెంట ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

స్వీకర్తపై పడే ఖర్చు

దానం ఉచితమైనా వాడకం ఉచితం కాదు. పాత డెస్క్‌టాప్, గాజు గొట్టపు మానిటరు కలిసి సుమారు 200 వాట్లు తీసుకుంటాయనుకుంటే, పది కంప్యూటర్లు రోజుకు నాలుగు గంటలు నడిస్తే 8 యూనిట్లు ఖర్చవుతాయి. నెలకు 20 పనిదినాలకు ఇది 160 యూనిట్లు. 40 వాట్ల ల్యాప్‌టాప్‌లైతే అదే నెలకు 32 యూనిట్లు చాలు. దీనికి తోడు వోల్టేజి హెచ్చుతగ్గుల నుండి రక్షణకు యుపిఎస్, రెండుమూడేళ్ళకోసారి దాని బ్యాటరీ, అప్పుడప్పుడు మరమ్మతు అవసరమవుతాయి.

అందువలన దాత, స్వీకర్త ముందుగానే కొన్ని విషయాలు మాట్లాడుకోవాలి. ఎన్ని కావాలి, ఎవరు నేర్పుతారు, చెడితే ఎవరు బాగుచేస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నవి వీటిలో ముఖ్యమైనవి. ఇచ్చిన వస్తువుల జాబితాపై ఇరువురూ సంతకాలు చేసి, పాఠశాల ఆస్తుల రిజిస్టరులో నమోదు చేయించాలి. అక్కరలేని దానిని తిరస్కరించే హక్కు స్వీకర్తకు ఉండాలి. ఉపాధ్యాయులు మొహమాటంతో తీసుకున్న యంత్రాలు తరగతి గదిలో సగభాగాన్ని ఆక్రమించడం తప్ప మరే ఉపయోగమూ ఉండదు.

వాడకం ముగిశాక

దానమిచ్చిన కంప్యూటరు కూడా ఒకనాడు పూర్తిగా పాడవుతుంది. అప్పుడు దానిని పాత ఇనుప సామాన్ల వ్యాపారికి అమ్మితే, రాగి కోసం తీగలను కాల్చడం, లోహాల కోసం బోర్డులను ఆమ్లంలో ముంచడం జరుగుతుంది. ఆ పొగ, ఆ నీరు చేరేది ఆ పరిసరాల గాలిలోకి, నేలలోకే. ప్రపంచ ఇ-వ్యర్థాల నివేదిక (2024) ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఇ-వ్యర్థాలు తయారుకాగా, 22.3 శాతం మాత్రమే పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైంది. నమోదిత రీసైక్లింగు సంస్థల వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద లభిస్తాయి. ఆళ్ళగడ్డ వంటి చిన్న పట్టణపు పాఠశాల ఒకటి రెండు కంప్యూటర్ల కోసం దూరపు కేంద్రానికి వాహనం పెట్టలేదు. దాతే పాడైన యంత్రాలను తిరిగి తీసుకొని సురక్షితంగా పంపించే ఏర్పాటు ఉంటేనే ఆ దానం సంపూర్ణమవుతుంది.

ఇవి కూడా చూడండి

* ఇ-వ్యర్థాలు
* బాసెల్ ఒప్పందం
* లినక్సు
* నంద్యాల జిల్లా
* ఆళ్ళగడ్డ