కిరీటము దక్కనివారి చరిత్ర

అందమును తూచు త్రాసు ఎవరి చేతిలో నుండునో తీర్పు కూడ వారి చేతిలోనే యుండును. సాధారణముగా అందాల పోటీల చరిత్ర యనగా గెలిచినవారి పేరు, సంవత్సరము, కిరీటము ధరించి నిలిచిన ఛాయాచిత్రము. ఓడినవారు తెరవెనుక నుండియే ఇండ్లకు మరలుదురు. వారేమి తలచిరో వ్రాసిపెట్టువారుండరు. 1967వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జరిగిన ఒక పోటీ మాత్రము ఇందుకు భిన్నమైనది. అందు ఓడిన ఒకరి మాట చలనచిత్రమున చిక్కి నిలిచిపోయినది. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట గూడ లోకము ఆ పోటీని తలచుకొనుటకు గెలిచినవారి కిరీటము కంటె ఓడినవారి మాటయే ముఖ్యకారణముగ నున్నది.

ఆ చిత్రము పేరు ‘ది క్వీన్’, అనగా ‘రాణి’. ఫ్రాంక్ సైమన్ దర్శకత్వమున తయారై 1968లో విడుదలయ్యెను. దాని నిడివి గంటకు కొంచెము పైమాట. ఇది కల్పితకథ కాదు. పుట్టుకతో పురుషులుగా లెక్కింపబడి, స్త్రీ రూపమున వేదిక నెక్కినవారి సౌందర్యస్పర్ధను, దానికి ముందు జరిగిన సన్నాహమును ఉన్నది ఉన్నట్లు చూపిన డాక్యుమెంటరీ.

నేడు మనము వాడుచున్న ‘ట్రాన్స్‌జెండర్’ అను మాట ఆనాటికి జనుల నోట నానలేదు. ఆ పోటీలో నిలిచినవారందరిని ఒకే గాటకట్టుటయు న్యాయము కాదు. కొందరికి స్త్రీ వేషము రంగస్థల విద్య. రంగు కడిగివేసిన పిమ్మట వారు పురుషులుగనే బ్రతికెడివారు. మరికొందరికి అదియే తమ నిజస్వరూపము. ఈ భేదమును గూర్చి వారే తమలో తాము చర్చించుకొను ఘట్టము చిత్రములో కలదు. హోటలు గదిలో మంచములపై చేరగిలబడి, శస్త్రచికిత్సచే స్త్రీలుగా మారుట తమకు సమ్మతమా కాదా యని ముచ్చటించుకొందురు. ఆనాటికి అది క్రొత్త ముచ్చటయే. క్రిస్టీన్ జార్గెన్సన్ అను అమెరికా దేశీయురాలు డెన్మార్కులో చికిత్స పొందిన వార్త 1952లో పత్రికల కెక్కెను. జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున ఇందుకు ప్రత్యేక శాఖ వెలసినది 1966లో. అది వియత్నాము యుద్ధకాలము కూడ. నిర్బంధ సైనిక సేవకు పిలుపు వచ్చినప్పుడు అధికారుల యెదుట తమకు కలిగిన అనుభవములను గూర్చియు వారా గదిలో చెప్పుకొందురు. పొడి, రంగులు, విగ్గుల నడుమ ఈ మాటలు వినబడునప్పుడు, వేడుకను చూడవచ్చిన ప్రేక్షకుడు మనుష్యుల బ్రతుకులను చూడసాగును.

ఇట్టి వేడుకలు అమెరికాలో 1967లో పుట్టినవి కావు. విలియం డార్సీ స్వాన్ అను నల్లజాతీయుడు మేరీలాండు రాష్ట్రమున దాస్యములో పుట్టెను. దాస్యము రద్దయిన తరువాత వాషింగ్టన్ నగరమున, 1880ల నుండి, పురుషులు పట్టుగౌనులు ధరించి నృత్యము చేయు రహస్య సభలను నడపెను. ఆ సభలలో అతనికి ‘రాణి’ యని బిరుదు. 1888 ఏప్రిలులో పోలీసులు అట్టి సభపై దాడి చేసినప్పుడు స్వాన్ వారిని ఎదిరించి నిలిచినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి. 1896లో వేరొక కేసున శిక్షపడగా, క్షమాభిక్ష కొరకు అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండుకు అర్జీ పెట్టుకొనెను. అది త్రోసివేయబడెను. అర్జీ ఫలింపకపోయినను, నావంటివారు గుమికూడుట నేరము కాదని ఒక మాజీ దాసుడు ప్రభుత్వమునకు విన్నవించుకొనుట సామాన్య విషయము కాదు.

న్యూయార్కులోని హార్లెం పేటలో హామిల్టన్ లాడ్జి యను నల్లజాతివారి సోదరసంఘము 1869 నుండి మారువేషముల నృత్యసభ జరుపుచుండెను. 1920లు వచ్చునప్పటికి ఆ సభ స్త్రీవేషధారుల పోటీలకు పేరుపొందెను. తెల్లవారు, నల్లవారు వేలకొలది ప్రేక్షకులుగా వచ్చెడివారు. కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ తన ఆత్మకథలో దీనిని ప్రస్తావించెను.

ఈ వేడుకలపై చట్టము నీడ ఎల్లప్పుడు ఉండెను. న్యూయార్కు రాష్ట్రమున 1845లో ఒక శాసనము చేయబడెను. దాని పుట్టుక చిత్రమైనది. హడ్సన్ లోయలోని కౌలుదార్లు భూస్వాములపై తిరుగబడి, ఆనవాలు పట్టబడకుండుటకై అచ్చుగుడ్డ అంగీలు తొడిగి, ముఖములకు ముసుగులు వేసికొని, కౌలు వసూలుకు వచ్చిన ఉద్యోగులను తరిమిరి. అందుచే ముఖమునకు రంగు పూసికొని గాని ముసుగు ధరించి గాని తిరుగుట నేరమని శాసించిరి. కౌలుదార్ల పోరాటము సమసిపోయినది. శాసనము మాత్రము మిగిలి, తరువాతి కాలమున స్త్రీ దుస్తులు ధరించిన పురుషులను పట్టుకొనుటకు పోలీసులకు అక్కరకు వచ్చెను. రైతులను అణచుటకు పుట్టిన శాసనము ఈ విధముగా చీరకట్టు, రైకముడి వంటి విషయములకు కావలి కాచినది.

ఇట్టి కాలమున ఫిలడెల్ఫియా నగరవాసి జాక్ డోరోషో, ‘ఫ్లాలెస్ సబ్రీనా’ అను రంగస్థల నామముతో, 1959 నుండి అనేక పట్టణములలో ఈ పోటీలను నడపసాగిరి. ఫ్లాలెస్ అనగా మచ్చలేనిదని అర్థము. ఆ యా పట్టణములలో గెలిచినవారు జాతీయపోటీకై న్యూయార్కు చేరవలెను. 1967 నాటి పోటీ నలుబదిమూడవ వీధిలోని టౌన్ హాలులో జరిగెను. ఈ భవనము స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడినవారి పూనికతో వెలసి, 1921లో తెరువబడినది. స్త్రీలు పౌరులుగా లెక్కకు రావలెనని కోరినవారు కట్టించిన సభామందిరమున, తాము స్త్రీలుగా లెక్కకు రావలెనని కోరువారు నిలుచుట కాకతాళీయమే యైనను, తలపునకు రాక మానదు. న్యాయనిర్ణేతలలో చిత్రకారుడు ఆండీ వార్హోల్ వంటి ప్రసిద్ధులుండిరి.

పోటీ రాత్రి స్నానదుస్తుల నడక, సాయంకాలపు గౌనుల నడక యథావిధిగ జరిగెను. కిరీటము ఫిలడెల్ఫియా నుండి వచ్చిన హార్లో అను యువతికి దక్కెను. తెల్లని మేనిఛాయ, బంగారు జుట్టు, బక్కపలుచని శరీరము; ఆనాటి సినిమా తార యెట్లుండవలెనని జనులు భావించెడివారో ఆమె అట్లే యుండెను. మన్‌హటన్ ప్రతినిధిగా నిలిచిన నల్లజాతి సుందరి క్రిస్టల్ లబీజాకు నాలుగవ స్థానము ప్రకటింపబడెను. ఆమె చిరునవ్వుతో చప్పట్లు కొట్టుచు నిలువలేదు. వేదిక దిగి వెడలిపోయెను.

కెమేరా ఆమెను వెన్నంటెను. తెరవెనుక ఆమె పలికినది చిత్రము చివరి భాగమున మనకు వినబడును. హార్లో అందగత్తె కాదని నేననను, కాని ఈ రాత్రి ఆమె అలంకరణ తీరుగ లేదు, నాకామె సాటి కాదు. నిర్వాహకులు తమ ఊరి స్నేహితురాలికే కిరీటము కట్టబెట్టిరి. నా చిత్రమును వాడుకొనినచో న్యాయస్థానమున కెక్కుదును. ఇదీ ఆమె వాదము. సబ్రీనా ఎదురు సమాధానమిచ్చెను. చుట్టునున్నవారిలో కొందరు ఆమె వర్ణమును ఎత్తిపొడువగా, తన వర్ణమును చాటుకొను హక్కు తనకు కలదని క్రిస్టల్ నిర్భయముగ బదులు చెప్పెను. రేడియో వినువారికి రూపము కానరాదు, కంఠమే అందును. ఈ ఘట్టమును కనులు మూసికొని వినినను చాలును. అది ఆశాభంగము చెందినవారి ఏడుపు కాదని, చిరకాలము లోపల నణచుకొన్న మాట పైకి వచ్చుటయని తెలిసిపోవును.

ఆ రాత్రి తీర్పులో పక్షపాతమున్నదా, లేదా యని నేడు విచారణ జరుపనక్కరలేదు. విచారింపవలసినది వేరొకటి కలదు. నాటి పోటీలలో నల్లజాతివారు ముఖమునకు దట్టముగ తెల్లని పొడి పూసికొనిన గాని గెలుపుపై ఆశ పెట్టుకొనరానట్లుండెడిది. లోకము వెలివేసినవారు తమకొక చిన్న లోకమును నిర్మించుకొనిరి. ఆ చిన్న లోకమునకు తలుపులు అమర్చునప్పుడు పెద్ద లోకపు గడియలనే తెచ్చి బిగించిరి. పోలీసుల చేతిలో అందరికి దెబ్బలు సమానమే. న్యాయనిర్ణేతల చేతిలో మార్కులు మాత్రము సమానము కావు. క్రిస్టల్ ఎత్తిచూపినది ఈ వంకరను.

ఆమె న్యాయస్థానమునకు పోలేదు. అంతకంటె శాశ్వతమైన పని చేసెను. కొద్ది సంవత్సరములకు హార్లెంలో లాటీ అను స్నేహితురాలితో కలిసి నల్లజాతివారి కొరకు ప్రత్యేక నృత్యసభ నేర్పరచి, ‘హౌస్ ఆఫ్ లబీజా’ అను పేరు పెట్టెను. హౌస్ అనగా ఇల్లు. ఆ ఇంటికి ఆమె తల్లి, చేరినవారు బిడ్డలు. స్వంత కుటుంబములు వెళ్లగొట్టిన యువజనులకు అదియే అన్నము, ఆశ్రయము, ఆడంబరము. మన దేశమున హిజ్రా సమాజములలో గురువు, చేలా అను బంధము నెరిగినవారికి ఇది క్రొత్తగ తోచదు. రక్తబంధము తెగినచోట మనుష్యులు మరియొక బంధమును అల్లుకొందురు. లబీజా ఇంటిని చూచి మరెన్నో ఇండ్లు వెలసినవి. వాని జీవితమును జెన్నీ లివింగ్‌స్టన్ ‘పారిస్ ఈజ్ బర్నింగ్’ అను 1990 నాటి డాక్యుమెంటరీలో చూపిరి. అందు లబీజా ఇంటికి క్రిస్టల్ తరువాత తల్లియైన పెప్పర్ లబీజా కనబడును.

గెలిచిన హార్లో కథయు మరువదగదు. ఆమె తదుపరి కాలమున రేచెల్ హార్లో అను పేరుతో, 1972లో శస్త్రచికిత్స పొంది, పూర్తిగ స్త్రీగా జీవించెను. ఫిలడెల్ఫియాలో ఆమె పేరిట నడచిన నృత్యశాల ప్రసిద్ధికెక్కెను. ఆమెను తప్పుపట్టుట క్రిస్టల్‌కును ఉద్దేశము కాదు. ఒకరికి కిరీటము వేషముతో ముగియక బ్రతుకునకు ద్వారమైనది. మరియొకరికి కిరీటము లేకపోవుటయే ద్వారమైనది. చిత్రము చాలకాలము మరుగున పడి, 2019లో బాగుచేయబడి మరల తెరకెక్కెను. అంతకు రెండేండ్లు ముందుగా, 2017లో, సబ్రీనా మరణించిరి.

వస్త్రధారణపై శాసనము న్యూయార్కు వింత యని మనము చిరునవ్వు నవ్వుకొన వీలులేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరజాతుల చట్టమున ఒక భాగము హిజ్రాల నుద్దేశించినదే. ఆ బాటనే హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, ఒక శాసనము చేసిరి. హిజ్రాల పేర్లు రిజిస్టరులో నమోదు కావలెను. అట్లు నమోదైనవారు స్త్రీ దుస్తులతోనో నగలతోనో వీధిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చును. సంస్థానము పోయినది, రాష్ట్రములు మారినవి, శాసనము మాత్రము పుస్తకములలో నిలిచియుండెను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను భారత సుప్రీంకోర్టు 2014లో గుర్తించెను. హైదరాబాదు శాసనమును తెలంగాణ హైకోర్టు 2023లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. న్యూయార్కువారి ముసుగు శాసనము 2020లో రద్దయ్యెను. రెండు ఖండములలో రెండు శాసనములు చీరకు, గౌనుకు జడిసి ఇంతకాలము బ్రతికినవి.

నేడు తమిళనాడు కళ్లకురిచ్చి జిల్లాలోని కూవాగంలో, కూత్తాండవర్ ఉత్సవ సందర్భమున ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు అందాల పోటీలు బహిరంగముగ జరుగుచున్నవి. తెలుగునాట నుండియు ఆ ఉత్సవమునకు పోవువారు కలరు. థాయిలాండులోని పట్టాయాలో 2004 నుండి అంతర్జాతీయ పోటీయే కలదు. పత్రికలలో కిరీటధారిణి చిత్రము అచ్చగుచున్నది. ఇది సంతోషింపదగినదే. అయితే ఆ చిత్రమును చూచునప్పుడు, ప్రక్కన నిలిచి చప్పట్లు కొట్టుచున్నవారి ముఖములను గూడ ఒక క్షణము చూచుట మంచిది. వారి మేనిఛాయ యెట్టిది, వారికి ఇల్లు కలదా, ఆ వేదిక దిగిన పిమ్మట వీధి వారిని ఎట్లు చూచును? 1967లో ఒకరు చిరునవ్వు నటింపక వేదిక దిగుటచే మనకీ ప్రశ్నలు వేయుట తెలిసినది. ఆమెకు కిరీటము దక్కలేదు. ఆమె పేరిట వెలసిన ఇల్లు మాత్రము నేటికిని నిలిచియున్నది.