ఫెయిల్ అనే మాట, జోడేఘాట్ చరిత్ర

హాస్టల్లో రిజల్ట్స్ రోజు మనం వినే మాట "ఫెయిల్". కొందరు "పరీక్ష తప్పాడు" అంటారు, కొందరు "లెక్కలు పోయాయి" అంటారు. ఫ్రెండ్స్ మధ్య "డింకీ కొట్టాం". సినిమాకైతే "ఫ్లాప్". పుస్తకంలో "విఫలం".

పోరాటాలకీ ఈ మాటే అంటిస్తారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగారు. విఫలమైంది అనుకున్నారు. కానీ ఆ తర్వాతే నిజాం సర్కారు మన గోండుల పరిస్థితి తెలుసుకోమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ మొదలైంది. మనోళ్లే మన పిల్లలకు పాఠాలు చెప్పారు.

ఇంటర్ తప్పిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోకండి. సప్లిమెంటరీ ఫీజు కట్టండి. మాలో కొందరం అలా రాసే డిగ్రీకి వచ్చాం.

జై సేవా!