కంచన్‌బాగ్ కవచం, పంజాగుట్ట నడక

1989 మే 22న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుంచి అగ్ని క్షిపణి తొలిసారి నింగికెగిరింది. అంతకుముందు ఏప్రిల్ 20న, మే 1న ప్రయోగం ఆగిపోవడంతో ఆ రోజు దేశం కళ్లన్నీ దానిమీదే ఉన్నాయి. పైకి ఎగరడం ఒక ఎత్తయితే, తిరిగి కిందికి రావడం మరో ఎత్తు. వాతావరణం దాటిన క్షిపణి ముందుభాగం మళ్లీ దట్టమైన గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు కొస దగ్గర పుట్టే వేడికి ఉక్కు కూడా కరిగిపోతుంది. లోపలి పరికరాలకు మాత్రం ఆ సెగ తగలకూడదు. ఆ సెగకు అడ్డుగోడగా నిలిచింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఆధ్వర్యంలో రూపొందిన కార్బన్ కాంపోజిట్ కవచం.

వేర్వేరు గుణాలున్న రెండు పదార్థాలను కలిపి, ఒకదాని లోటును మరోదానితో పూడ్చితే కాంపోజిట్. మట్టిగోడ బీటలు వారకుండా అడుసులో వరిగడ్డి వేసి తొక్కిన మన పల్లె జనం చేసిందీ అదే. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ సన్నటి, గట్టి కార్బన్ పోగులను సాధించాక ఈ పాత విద్యకు కొత్త బలం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే జపాన్, బ్రిటన్ పరిశోధకులు ఆక్రిలిక్ పోగులను కాల్చి కార్బన్ ఫైబర్ తీసే దారి వేశారు.

డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా 1982లో హైదరాబాద్ వచ్చిన అబ్దుల్ కలాంకు ఈ విద్య కొత్త కాదు. తుంబాలో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మీద పనిచేసిన రోజుల్లోనే, దాని పై దశలకు ఫైబర్‌గ్లాస్ మోటారు కేసులు వాడారు. 1983లో సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికత ఎగుమతులపై ఆంక్షలు పెట్టాయి. ఇక ఎవరినీ అడిగే పని లేదు, చేసుకోవాల్సిందే.

కార్బన్-కార్బన్ కాంపోజిట్ తయారీకి ఓపిక కావాలి. కార్బన్ పోగుల అల్లికకు రెసిన్ లేదా తారు లాంటి పిచ్ పట్టిస్తారు. గాలి తగలని కొలిమిలో కాలుస్తారు. పట్టించినదాంట్లో కొంత ఆవిరైపోయి, మిగిలింది బొగ్గవుతుంది. లోపల సన్నటి రంధ్రాలు ఏర్పడతాయి. వాటిలోకి మళ్లీ పిచ్ ఎక్కించి మళ్లీ కాలుస్తారు. చిక్కబడేదాకా ఇదే వరస.

అగ్ని విజయం తర్వాత ఈ పరిజ్ఞానం అదే ఊళ్లో, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి చేరింది. ప్రయోగశాల చూడవచ్చిన నిమ్స్ ఎముకల వైద్యుడొకరు ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడి పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు, అంటే కాలికి ఆసరాగా కట్టే చట్రాలు, తగిలించుకుని కాళ్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు చేసి ఇచ్చామని కలాం తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పారు. తన జీవితంలో గొప్ప ఆనందాల్లో దాన్నొకటిగా లెక్కించుకున్నారు.

ఆ క్యాలిపర్ గొప్పతనం బరువు తగ్గడం ఒక్కటే కాదు. పోలియోతో తొడ కండరం చచ్చుబడిన పిల్లవాడు అడుగు వేసినప్పుడల్లా మోకాలు మడతపడిపోకుండా చేత్తో తొడను అదిమి పట్టుకోవాలి. ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అనే ఈ క్యాలిపర్‌లో పాదం కింద బిగువైన పలక, మోకాలి కింద కాలి ముందువైపు మరో పలక ఉంటాయి. పాదం నేలకు ఆనగానే నేల నుంచి వచ్చే ప్రతిబలం ఆ ముందు పలక ద్వారా మోకాలిని వెనక్కి నెడుతుంది. మోకాలు నిలబడుతుంది, చెయ్యి ఖాళీ అవుతుంది. బరువు ఎక్కడ పడుతుందో చూసి అక్కడే బలం పెట్టడం కాంపోజిట్ నిపుణుల అసలు విద్య. క్షిపణి కొసకైనా, పసివాడి కాలికైనా ఆ లెక్క ఒక్కటే. కంచన్‌బాగ్ చరిత్రలో క్షిపణులకు ఇచ్చే చోటు ఈ క్యాలిపర్‌కూ ఇవ్వాలి.

ఆ తర్వాత కాంపోజిట్లు ఆకాశాన్ని ఆక్రమించాయి. 2001లో తొలిసారి ఎగిరిన తేజస్ యుద్ధవిమానం నిర్మాణ బరువులో 45 శాతం దాకా, 2009లో ఎగిరిన బోయింగ్ 787లో దాదాపు సగం ఇవే. ఇక పోలియో విషయానికొస్తే, భారత్‌లో చివరి సహజ పోలియో కేసు 2011లో నమోదైంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా ప్రకటించింది. చిన్నప్పుడు ఆ వ్యాధి సోకినవారికి ఇప్పటికీ ఇలాంటి ఆసరా అవసరమే. సెరిబ్రల్ పాల్సీ వల్ల మోకాళ్లు వంచి నడిచే పిల్లలకు కూడా ఇదే సూత్రంతో పనిచేసే ఆర్థోసిస్‌లను ఇప్పుడు కార్బన్ ఫైబర్‌తో, ఒక్కో కాలి కొలతకు తగ్గట్టు తయారు చేస్తున్నారు.