బొంబాయి తెలుగువారు – సత్యశోధక సమాజము
(కార్మికోద్యమము, మతము, వితంతువుల గర్భసమస్య)

బొంబాయిలోని కామాటిపురము తెలుగు శ్రామికుల పేర వెలసిన పేట. 18వ శతాబ్ది చివరి కాలము నుండి నిజాము రాజ్యము విడిచి వచ్చి, కట్టడపు పనులలో కుదురుకొనిన వీరిని అచ్చటివారు కామాటీ లనిరి. వీరిలో కొందరు గుత్తేదారులై ధనము గడించిరి. తరువాత వచ్చిన పద్మశాలీలు పెక్కుమంది నూలుమిల్లులలో చేరిరి. పశ్చిమ భారత కార్మికోద్యమమునకు పునాది వేసిన సంస్కరణోద్యమముతో వీరికి గల సంబంధము పరిశీలింపదగినది.

1873 సెప్టెంబరు 24న జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజమును స్థాపించెను. దేవునికిని భక్తునికిని నడుమ పురోహితుడు అక్కరలేదనుట దాని మూలసూత్రము. బొంబాయిలో ఆ సమాజమునకు అండగా నిలిచినవారిలో వ్యంకు బాళాజీ కాళేవారు, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగు తెలుగువారు గలరు.

ఫూలే దృష్టిలో పురోహితాధిక్యమునకు మిక్కిలి బలియైనది స్త్రీ. 1856 నాటి చట్టము వితంతు వివాహమును అనుమతించినను ఆచారము అంగీకరింపలేదు. 1860 నాటి శిక్షాస్మృతి, తల్లి ప్రాణరక్షణకు దక్క, గర్భస్రావమును నేరముగా నిర్ణయించెను. గర్భము దాల్చిన వితంతువునకు ఒకవైపు వెలి, మరియొకవైపు చెరసాల. 1863లో ఫూలే దంపతులు పుణెలో శిశుహత్యా నివారణ గృహమును తెరచిరి. అట్టి స్త్రీ అచ్చట గుట్టుగా ప్రసవించి, బిడ్డను వారికి అప్పగించి పోవచ్చును. 1874లో ఒక బ్రాహ్మణ వితంతువు కుమారుడైన యశ్వంతుని వారు దత్తత చేసికొనిరి. ఇది నేటి గర్భవిచ్ఛిత్తి హక్కు కాదు. గర్భస్రావమును, శిశుహత్యను మాన్పుటయే ఆ గృహము ఉద్దేశము. అయినను నేరము స్త్రీది గాక, ఆమెను ఆ దురవస్థకు నెట్టిన ఆచారముదే యను తీర్పు అందు గలదు.

ఫూలే అనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘమును నెలకొల్పెను. ఆదివారము ఖండోబా దేవుని వారమనియు, ఆనాడు విశ్రాంతి కావలెననియు ఆయన వాదించెను. 1890 జూన్ 10న మిల్లు యజమానులు వారపు సెలవునకు సమ్మతించిరి. ఖండోబా తెలంగాణమున మల్లన్నగా కొలువబడు దైవమే కనుక, ఈ వాదము తెలుగు కార్మికునకు పరాయిది కాదు. ఆ కాలముననే, వితంతువుల శిరోముండనము చేయబోమని లోఖండే ప్రోత్సాహమున బొంబాయి క్షురకులు ప్రతిన బూనిరి. మతము ఆజ్ఞాపించిన పనిని శ్రామికుడే నిరాకరించుట ఇచ్చటి విశేషము.

తరువాతి చట్టములు ఈ రెండు ధారలను కలిపినవి. 1971 నాటి చట్టము నిర్ణీత పరిస్థితులలో గర్భవిచ్ఛిత్తిని అనుమతించెను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 1995లో జరిగిన సవరణ, గర్భవిచ్ఛిత్తి జరిగిన శ్రామికురాలికి ఆరు వారముల వేతనపు సెలవు నొసగెను.

దీనినిబట్టి బొంబాయి కార్మికోద్యమము ఆదిలో దైవమును త్రోసిపుచ్చలేదనియు, దైవము పేరిట సాగు పెత్తనమునే ఎదిరించెననియు స్పష్టము. ఆ ఉద్యమమునకు ఊపిరి పోసిన సమాజమునకు చేయూత నిచ్చినవారిలో ప్రవాసాంధ్రులు నుండిరనుట తెలుగువారు మరువరాని విషయము.