దివిసీమ, గుడివాడ, బందరు: ప్రాపకము చెప్పిన చరిత్ర

కృష్ణవేణి సముద్రమున గలియు ఈ దిగువ సీమలో అధికారమనునది తొలినుండియు నేలతోడను నీటితోడను ముడివడియున్నది. దివిసీమ చల్లపల్లి దివాణపు గుమ్మమున, శిస్తు తగ్గింపునకైనను బంజరు సాగునకైనను, రైతు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చెడిది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనముతో జమీ అంతరించెను గాని ప్రాపకము అంతరింపలేదు. ఆ సీమవారి ఓట్లతోనే ఆ దివాణపు రాజా యార్లగడ్డ శివరామప్రసాదు శాసనసభ్యులైరి.

అంతకు పూర్వమే, 1855 లో బెజవాడ ఆనకట్ట ముగిసి కాలువలు పాఱినపిమ్మట, ప్రాపకమునకు మఱియొక తావు దొరకినది. శివారు గ్రామమున నొక తూమునొద్ద నిలిచి చూడుడు. నారుమడి నెఱ్ఱెలు వాఱుచుండగా, వంతు ప్రకారము నీరు వదలవలసిన లస్కరు ఎగువ ఊరి పెద్ద కబురునకై ఎదురుచూచును. తలుపు జానెడు లేచునో బెత్తెడు లేచునో ఆ కబురే తేల్చును. ప్రజాస్వామ్యమునకు నిజమైన పరీక్ష ఆ తూమునొద్దనే జరుగునని నా నమ్మకము.

బందరు ఒకప్పుడు వేఱు త్రోవ చూపినది. 1910 లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. 1923 లో భోగరాజు పట్టాభిసీతారామయ్య లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. వాటాదారునకు ఎవరి గుమ్మమునను నిలువవలసిన పనిలేదు. లెక్క చెప్పుమని అడుగు హక్కు అతనికి గలదు. అందువలననే స్థాపకులు గతించినను, 2020 లో యూనియన్ బ్యాంకున విలీనమగువఱకు ఆ సంస్థ నిలిచినది.

గుడివాడ కథ వేఱు. తన సీమ బిడ్డయగు నందమూరి తారక రామారావును 1983 లోను 1985 లోను ఆ పట్టణము గెలిపించెను. రెండవమాఱు మూడుచోట్ల నెగ్గిన ఆయన హిందూపురమును నిలుపుకొని గుడివాడను విడిచిరి, ఉపఎన్నిక జరిగెను. నాయకుని ఘనతయే ఊరి భాగ్యమని నమ్మిన వోటరులకు అది చిన్న దెబ్బ కాదు.

ఇక బందరు ఓడరేవు. 2008 లో రాజశేఖరరెడ్డి, 2019 లో చంద్రబాబునాయుడు, 2023 లో జగన్మోహనరెడ్డి, మువ్వురు ముఖ్యమంత్రులును ఆ రేవు పనులకు ప్రారంభోత్సవములు జరిపిరి. మూడు ఉత్సవములకు నడుమ పదునైదేండ్లు గడచినవి. ఈ సీమవారు ఇకనైనను ఏ ప్రభువు వచ్చినాడని గాక, పని ఎంతవఱకు వచ్చినదని తమ ప్రతినిధులను నిలదీసి అడుగవలయును.